ఎడమచేతి వాటం ఆటగాడికి ఎయిర్‌సాఫ్ట్ గేర్: ఏది కొనాలి, ఏది ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: అన్నా, నేను డాలస్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసు ఫ్రెండ్స్‌తో కలిసి ఎయిర్‌సాఫ్ట్ (చిన్న ప్లాస్టిక్ గుళ్లు పేల్చే తుపాకులతో ఆడే ఆట) ఆడటం మొదలుపెట్టి కొన్ని నెలలైంది. ఎక్కువగా చెట్లున్న ఫీల్డులోనే ఆడతాం, అప్పుడప్పుడు ఇండోర్. ఎం4 మోడల్ ఎలక్ట్రిక్ రైఫిల్, ఒక గ్యాస్ పిస్టల్ ఉన్నాయి. సేల్‌లో పౌచ్‌లన్నీ కలిపి వచ్చే ప్లేట్ క్యారియర్ కొన్నాను. వేసుకున్న కాసేపటికే భుజాలు లాగేస్తున్నాయి. బోర్లా పడుకుంటే తల సరిగ్గా ఎత్తలేను. మ్యాగజైన్ (గుళ్లు నింపే డబ్బా) కోసం తడుముకునేలోపే హిట్ అయిపోతున్నాను. నాది ఎడమచేతి వాటం. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, బరువు 58 కిలోలు, కళ్లజోడు ఉంది. చెస్ట్ రిగ్ (ఛాతీ మీద పౌచ్‌లు మోసే పట్టీల సామాను) కొనాలా, బెల్ట్ కొనాలా, ఉన్నదాన్నే సర్దుకోవాలా? ఇంకో 150 డాలర్ల వరకు పెట్టగలను. మీరు ఎలా చెబితే అలా చేస్తాను.

జవాబు:

తమ్ముడూ, ఆ ప్లేట్ క్యారియర్‌ని రిటర్న్ చేసే గడువు ఇంకా ఉంటే తిరిగి పంపించెయ్. గడువు దాటిపోతే ఎవరికైనా అమ్మెయ్. నీ ఒంటికి, నువ్వు ఆడే ఆటకి సరిపోయేది ఒక మంచి బెల్ట్, దాని పైన ఒక చిన్న చెస్ట్ రిగ్. ఎందుకో చెబుతాను. కారణం తెలిస్తే రేపు ఇంకేదైనా కొనేటప్పుడు కూడా నీకు నువ్వే తేల్చుకోగలవు.

ప్లేట్ క్యారియర్ పుట్టిందే తూటాను ఆపే పలకల్ని మోయడానికి. అమెరికా సైన్యం వాడే మీడియం ప్లేటు 9.5 అంగుళాల వెడల్పు, 12.5 అంగుళాల పొడవు ఉంటుంది. ఒక్కోటి దాదాపు 2.5 కిలోలు. ఆ బరువును గుండె మీద కదలకుండా నిలబెట్టడానికే అంత మందమైన పట్టీలు, అంత పెద్ద నడుము బెల్టు. మనం దాంట్లో పెట్టేది ఫోమ్ ముక్క. ఆపాల్సింది 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు, అంటే బీబీ. పైగా చాలా ఫీల్డుల్లో గేర్ మీద తగిలినా హిట్టే. అంటే నీకు రక్షణ ఏమీ పెరగలేదు, ఒంటి మీద వేడి మాత్రం పెరిగింది. టెక్సస్ ఎండాకాలంలో 38 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ముందూ వెనకా ఫోమ్ పలకలు కట్టుకుని పరిగెత్తడం ఒంటికి మంచిది కాదు.

నీ సైజు సంగతి ఇంకా ముఖ్యం. ప్లేటు పైఅంచు మెడ కింద ఎముకల మధ్య ఉండే గుంట దగ్గరికి రావాలి, వెడల్పు ఛాతీ మీద రెండు చనుమొనల మధ్య దూరాన్ని దాటకూడదు. సేల్‌లో కాంబోగా వచ్చేవి తరచూ మీడియం, లార్జ్ కొలతలకే కుట్టి ఉంటాయి. 58 కిలోల మనిషి వేసుకుంటే పలక అంచు భుజం లోపలికి వచ్చేస్తుంది. అప్పుడు రైఫిల్ స్టాక్ (వెనక భాగం) భుజంలో కుదురుకోదు, రెండో చెయ్యి ఛాతీ మీదుగా అటువైపు అందదు. బోర్లా పడుకుంటే కింద అంచు పొట్టని నొక్కి, పై అంచు గడ్డం కిందికి ఎగదన్నుతుంది. నువ్వు తల ఎత్తలేకపోవడానికి అదే కారణం అయి ఉంటుంది.

ఇంకో విషయం ఉంది, నాకు అన్నిటికన్నా పెద్దది ఇదే. ఎయిర్‌సాఫ్ట్‌లో పెయింట్‌బాల్‌లాగా రంగు అంటదు. తగిలిందని మనమే చెయ్యెత్తి ఒప్పుకోవాలి. ఆట మొత్తం ఆ నిజాయితీ మీదే నడుస్తుంది. మందమైన ఫోమ్, దాని మీద మూడు వరుసల పౌచ్‌లు ఉంటే దూరం నుంచి వచ్చిన బీబీ తగిలినట్టే తెలియదు. నువ్వు కావాలని దాచకపోయినా అవతలివాడి కళ్లకి దొంగాటలాగే కనిపిస్తుంది. కొత్తగా ఫీల్డులో చేరినవాడికి ఆ పేరు ఒకసారి వచ్చిందంటే పోగొట్టుకోవడం కష్టం. తగిలింది తెలిసేంత పలచగా గేర్ ఉండటం నీకూ మంచిది, నీతో ఆడేవాళ్లకీ మంచిది.

సైనికుడిలా కనిపించాలనే సరదా ఉంటే అది తప్పేమీ కాదు. ఈ ఆటలో వేషానికీ చోటుంది, ఒక యూనిట్ గేర్‌ని దారం రంగుతో సహా సరిచూసుకుని తయారయ్యేవాళ్ల ఓపిక అంటే నాకు గౌరవం. ఆ కోరిక నీకు ఉంటే తర్వాత స్మాల్ సైజు క్యారియర్, పలచటి ఫోమ్‌తో చేసుకోవచ్చు. ముందు ఆడటానికి కావాల్సింది చూద్దాం.

గేర్ ఎంచుకునే ముందు ఒక ఆటలో నీకు నిజంగా ఏమేం కావాలో కాగితం మీద రాసుకో. మామూలు వారాంతపు ఆటల్లో ఒక్కో గేమ్ పావుగంటో అరగంటో ఉంటుంది. అయిపోగానే మళ్లీ బ్యాగులు పెట్టుకునే చోటికే వస్తాం. కాబట్టి రోజుకి సరిపడా మోసుకు తిరగక్కర్లేదు, ఒక గేమ్‌కి సరిపడా ఉంటే చాలు. ఎం4 మిడ్-క్యాప్ (మధ్యస్థంగా గుళ్లు పట్టే) మ్యాగజైన్‌లో దాదాపు 120 బీబీలు పడతాయి. తుపాకీలో ఒకటి, ఒంటి మీద నాలుగు అంటే 600. 0.25 గ్రాముల బీబీలైతే ఆ ఆరువందలూ కలిపి 150 గ్రాములే. అమెరికన్ సైనికుడికి మామూలుగా ఇచ్చేది ఏడు మ్యాగజైన్లు, 210 తూటాలు. ఆ ఏడూ కలిపితే మూడు కిలోలు దాటుతాయి. అంత బరువు కోసం తయారైన సరంజామాని మన ప్లాస్టిక్ మ్యాగజైన్ల కోసం తగిలించుకోవాల్సిన పని లేదు. ఒకవేళ 300కి పైగా పట్టే హై-క్యాప్‌లు వాడుతుంటే మిడ్-క్యాప్‌లకి మారు. హై-క్యాప్ లోపల బీబీలు గలగలలాడుతూ నువ్వు ఏ పొదలో ఉన్నావో చెప్పేస్తాయి. మధ్యలో చక్రం తిప్పుకుంటూ కూర్చోవాలి కూడా.

మరి నీ ఒంటి మీద అన్నిటికన్నా బరువైనది ఏది? నీళ్లు. రెండు లీటర్ల వాటర్ బ్లాడర్ (గొట్టం ఉన్న నీళ్ల సంచి) అంటే రెండు కిలోలు, నాలుగు మ్యాగజైన్ల కన్నా ఎక్కువ. దాన్ని నడుముకి కట్టకు. వీపు మీద, రెండు భుజాల ఎముకల మధ్య, వెన్నుకి ఆనుకుని ఉండాలి. గొట్టం కుడి భుజం పట్టీ మీదుగా తెచ్చుకో, ఎందుకంటే ఎడమ భుజం నీకు స్టాక్ ఆనించే చోటు. గేమ్ మధ్యలో బ్యాగుల దగ్గరికి రాగలిగే ఫీల్డు అయితే బ్లాడర్ ఎత్తకుండా చిన్న బాటిల్‌తో సరిపెట్టుకోవచ్చు. ఎండలో మాత్రం ఆ పొదుపు వద్దు.

ఇక సర్దడం. నిలబడి నీ నడుముని గడియారం అనుకో. బొడ్డు 12, వెన్ను 6, కుడి తుంటి 3, ఎడమ తుంటి 9. నువ్వు ఎడమ చేత్తో గ్రిప్ పట్టుకుని ట్రిగ్గర్ నొక్కుతావు. ఆ చెయ్యి వీలైనంత వరకు తుపాకీ మీదే ఉండాలి. మ్యాగజైన్ మార్చేది, రేడియో నొక్కేది, నీళ్ల గొట్టం అందుకునేది, అన్నీ కుడి చేత్తోనే. కాబట్టి ఏ వస్తువు ఎక్కడ ఉండాలో తేల్చేది నీ కుడి చెయ్యి. కళ్లు అవతలివాడి మీద ఉండగా, చూడకుండా ఆ చెయ్యి ఎక్కడికి సులువుగా వెళ్తుందో అక్కడే మ్యాగజైన్ ఉండాలి. గేర్ అంటే నా దృష్టిలో ఇంతే. నువ్వు కొన్న కాంబోలో పౌచ్‌లు కుడిచేతి వాటంవాళ్ల లెక్కలో, ఎడమవైపు మ్యాగజైన్లు, కుడివైపు మిగతావి అన్నట్టు ఉండి ఉంటాయి. నువ్వు తడుముకోవడంలో ఆశ్చర్యం లేదు.

బెల్ట్‌తో మొదలుపెట్టు. రెండు పొరల బెల్ట్ తీసుకో. లోపలిది ప్యాంటు లూపుల్లోంచి వెళ్తుంది, బయటిది దాని మీద వెల్క్రోతో అతుక్కుంటుంది. పరిగెత్తినా తిరిగిపోదు, కిందికి జారదు. బట్టలా మెత్తగా వంగిపోయే బెల్ట్ కొనకు. పిస్టల్ లాగినప్పుడు బెల్ట్ కూడా పైకి లేస్తే ఆ బెల్ట్ పనికిరాదు. 9 దగ్గర హోల్‌స్టర్, అంటే పిస్టల్ పెట్టుకునే ఒర. తొడకి వేలాడే డ్రాప్-లెగ్ రకం వద్దు. పరిగెత్తితే తొడ మీద కొట్టుకుంటూ ఉంటుంది, నీ ఎత్తుకి మోకాలి దాకా దిగిపోతుంది. బెల్ట్‌కి రెండు మూడు అంగుళాలు కిందికి దిగేది చాలు. నీ పిస్టల్ మోడల్‌కే, ఎడమచేతికే తయారైనది కావాలి. ఈ ఎడమచేతి హోల్‌స్టర్ వెతకడానికి కాస్త టైమ్ పడుతుంది, అయినా కుడిచేతిదాన్ని తిప్పి పెట్టుకోకు.

కుడివైపు 2 దగ్గర పిస్టల్ మ్యాగజైన్ ఒకటి. ఒకటి చాలు. 3 దగ్గర రైఫిల్ మ్యాగజైన్ ఒకటి, ఇదే నువ్వు అన్నిటికన్నా ముందు మార్చే మ్యాగజైన్. 4 దాటాక, తుంటి వెనక్కి, డంప్ పౌచ్. ఖాళీ మ్యాగజైన్‌ని మళ్లీ దాని పౌచ్‌లో దూర్చాలని చూడకు, టైమ్ పోతుంది, నిండుది ఏదో ఖాళీది ఏదో కలిసిపోతుంది. డంప్ పౌచ్‌లో పడేసి మర్చిపో. బొడ్డుకి అటూ ఇటూ, 11 నుంచి 1 వరకు ఏమీ పెట్టకు, వంగడానికీ మోకాలి మీద కూర్చోడానికీ ఆ చోటు కావాలి. 6 దగ్గర, అంటే సరిగ్గా వెన్ను మీద, గట్టి వస్తువు ఏదీ పెట్టొద్దు. వెనక్కి పడినప్పుడు రేడియోనో మల్టీటూలో వెన్నులో గుచ్చుకుంటే ఆటతో పోయేది కాదు.

దాని మీద చెస్ట్ రిగ్. మూడు రైఫిల్ మ్యాగజైన్లు ఒకే వరుసలో పట్టే చిన్నది తీసుకో. ఈ రకం సామాను వియత్నాం యుద్ధంలో చైనా తయారీ ఏకే పౌచ్‌ల రూపంలో ఎక్కువగా కనిపించింది. తర్వాత అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సైనికులు కూడా చేజిక్కిన చైనా రిగ్‌లని ఇష్టంగా వాడుకున్నారు. గుడ్డ, నాలుగు పట్టీలు, అంతే. సన్నటి ఒంటికి కూడా బిగుతుగా కూర్చుంటుంది, వీపు ఖాళీగా గాలి ఆడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, దాని మీద బీబీ తగిలితే తెలుస్తుంది.

రిగ్‌ని చాలామంది పొట్ట మీదికి వేలాడదీస్తారు. నువ్వు పైకి బిగించు. నీ ఎత్తువాళ్లకి నడుముకీ ఛాతీకీ మధ్య దూరం తక్కువ కాబట్టి ఇది తప్పదు. రిగ్ కింద అంచుకీ బెల్ట్‌కీ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. లేకపోతే మోకాలి మీద కూర్చున్నప్పుడు తొడలు రిగ్‌ని గడ్డంలోకి తోస్తాయి, బెల్ట్ మీది మ్యాగజైన్ దాని కిందికి వెళ్లిపోతుంది. వీపు మీద పట్టీలు ఇంటూ ఆకారంలో దాటేవి చిన్న భుజాలకి బాగుంటాయి, జారవు. ఎడమ ఛాతీ పైభాగం పూర్తిగా ఖాళీగా ఉంచు, స్టాక్ అక్కడ ఆనాలి. రేడియో పెట్టుకుంటే రిగ్ కుడి చివర, చంక కిందికి. టీమ్‌లో చిన్న ఎఫ్‌ఆర్‌ఎస్ (సామాన్యులు వాడే దగ్గరి దూరపు రేడియో) వాకీటాకీలు వాడితే అమెరికాలో లైసెన్స్ అక్కర్లేదు. చవకగా దొరికే హ్యామ్ హ్యాండ్‌సెట్లలో హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) ఫ్రీక్వెన్సీల మీద మాట్లాడాలంటే అమెరికా కమ్యూనికేషన్ల సంస్థ ఎఫ్‌సీసీ లైసెన్స్ తీసుకోవాలి. వీసా మీద ఉన్నవాళ్లం, ఇలాంటివి సరిగ్గానే చేద్దాం.

మ్యాగజైన్లు అన్నీ ఒకే దిక్కుకి తిప్పి, బీబీలు వచ్చే మూతి కిందికి ఉండేలా పెట్టు. మూతి పైకి ఉంటే మట్టి, ఆకు ముక్కలు లోపల పడి గన్ జామ్ అవుతుంది. ఏ వైపు తిప్పాలనేది నీ కుడి చెయ్యి పట్టుకునే తీరుని బట్టి ఉంటుంది. ఇంట్లో పదిసార్లు తీసి చూసుకుని, మణికట్టు మెలికపడని వైపుని ఖాయం చేసుకో. పౌచ్‌లకి వెల్క్రో మూతలు వద్దు, ఆ చప్పుడు చెట్లలో చాలా దూరం వినిపిస్తుంది. పైన తెరిచి ఉండి, పక్కల సాగే ఎలాస్టిక్ పట్టు ఉన్నవి తీసుకో. కొన్నాక మ్యాగజైన్ పెట్టి, పౌచ్‌ని తలకిందులుగా పట్టుకుని ఊపు. జారిపడితే ఫీల్డులో పోయినట్టే. ప్రతి మ్యాగజైన్ అడుగున రంగు టేపు చుట్టి పేరు రాసుకో. గడ్డిలో నల్ల మ్యాగజైన్ దొరకదు.

నువ్వు అడగలేదు కానీ చాలామంది పాడుచేసుకునేది పౌచ్‌లు తగిలించే దగ్గరే. రిగ్ మీద, బెల్ట్ మీద కనిపించే అడ్డపట్టీల పద్ధతిని మోలీ అంటాం, అమెరికా సైన్యంలోకి 1997లో వచ్చింది. పట్టీ వెడల్పు అంగుళం, పట్టీకీ పట్టీకీ మధ్య అంగుళం, ప్రతి అంగుళంన్నరకీ ఒక కుట్టు. పౌచ్ వెనక కూడా ఇవే పట్టీలు ఉంటాయి. పౌచ్ నిలువు పట్టీని ముందు రిగ్ పట్టీ కిందినుంచి, తర్వాత పౌచ్ పట్టీ కిందినుంచి, మళ్లీ రిగ్ పట్టీ, ఇలా జడ అల్లినట్టు మార్చి మార్చి దించాలి. రిగ్ పట్టీల్లోంచి మాత్రమే గబగబా దించేసి బటన్ నొక్కేస్తే పౌచ్ వేలాడుతుంది, ఊగుతుంది, లాగినప్పుడు మ్యాగజైన్‌తో పాటు లేచి వస్తుంది. కొత్త పట్టీలు బిగుతుగా ఉండి వేళ్లు నొప్పెడతాయి. ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని చెయ్యి.

చిన్న వస్తువుల గురించి కొద్దిగా. హిట్ అయ్యాక చూపించే ఎర్ర గుడ్డకి ఒక జేబు కేటాయించు, అందులో ఇంకేమీ పెట్టకు. గుడ్డ లాగినప్పుడు ఫోనో కారు తాళమో గడ్డిలో పడిపోతుంది. బ్యాండేజీలు, నువ్వు వాడే మందులు ఉన్న చిన్న పౌచ్ ఏ చేత్తోనైనా అందే చోట ఉండాలి, అది ఎక్కడుందో పక్కవాడికి చెప్పి ఉంచు. బీబీ బాటిల్, స్పీడ్ లోడర్, స్పేర్ బ్యాటరీ బ్యాగులోనే వదిలెయ్. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని రిగ్ బయటి పౌచ్‌లో పెట్టుకుని రాళ్ల మీద పడితే చిల్లుపడి మంట రావచ్చు. దాన్నీ, పిస్టల్‌లో నింపే గ్రీన్ గ్యాస్ డబ్బానీ ఎండలో నిలబెట్టిన కారులో వదలకు.

150 డాలర్లు ఎలా పెట్టాలంటే, నీ కళ్లజోడు మీద పట్టే, చుట్టూ మూసుకునే గాగుల్స్ ఇంకా లేకపోతే మొదటి ఖర్చు అదే. కళ్ల రక్షణకి అమెరికా ప్రమాణమైన ఏఎన్‌ఎస్‌ఐ జెడ్87.1 గుర్తు చూసి తీసుకో. మామూలు కళ్లజోడుతో ఫీల్డులోకి అడుగు పెట్టకు. ఆ తర్వాత బెల్ట్, హోల్‌స్టర్. చెస్ట్ రిగ్ ఆఖరున. డబ్బు సరిపోకపోతే బెల్ట్ మీదే ఇంకో మ్యాగజైన్ పౌచ్ పెట్టుకుని కొన్నాళ్లు ఆడు. ఇండోర్‌లో అయితే ఎలాగూ బెల్ట్ ఒక్కటే చాలు, ఇరుకు తలుపుల దగ్గర ఛాతీ మీద ఏమీ లేకపోవడమే హాయి. వాడినవి కొనడానికి మొహమాటపడకు. 500డి, 1000డి (దారం మందం కొలత) కార్డూరా నైలాన్ ఏళ్ల తరబడి ఉంటుంది. కొనేటప్పుడు వెల్క్రో పట్టు, బకిల్ పళ్లు, పట్టీ కుట్లు చూస్తే చాలు. హోల్‌స్టర్ మాత్రం కొత్తదే కొను.

సర్దాక ఇంట్లో ప్రయత్నించి చూడు. బ్యాటరీ తీసేసి, ఖాళీ మ్యాగజైన్లతో, గ్లవ్స్ వేసుకుని, గాగుల్స్ పెట్టుకుని. బోర్లా పడుకో, పాకు, మోకాలి మీద కూర్చో, కళ్లు మూసుకుని మ్యాగజైన్ మార్చు. స్లింగ్‌ని (రైఫిల్ వేలాడదీసే పట్టీని) ఆఖరున, రిగ్ పైనుంచి వేసుకుని ఎక్కడైనా బకిల్‌కి తగులుకుంటోందేమో చూడు. ఎక్కడ చెయ్యి తడబడితే ఆ పౌచ్‌ని ఒక గడి జరుపు. ఒక్కసారి ఒకటే మార్చు, మార్చాక ఒక రోజు ఆడి చూడు. అన్నీ ఒకేసారి మార్చేస్తే చెయ్యి పాత చోటికే వెళ్తూ ఉంటుంది.

ఇదంతా కర్టెన్లు వేసుకుని చెయ్. బాల్కనీలోకి, పార్కింగ్‌లోకి ఆ వేషంతో రావద్దు. తుపాకీ చివర ఆరెంజ్ రంగు ఉన్నా దూరం నుంచి చూసే పక్కింటివాళ్లకి కనిపించదు, పోలీసులకీ కనిపించదు. ఫీల్డు నుంచి బయలుదేరే ముందే రిగ్, బెల్ట్ విప్పి, మామూలు టీషర్టు వేసుకుని, తుపాకీని మూసిన బ్యాగులో పెట్టి ట్రంక్‌లో పడెయ్. దారిలో గ్యాస్ స్టేషన్ దగ్గర కాఫీకి ఆగినా సరే, ఈ నియమం తప్పకు. నీ ఫ్రెండ్స్‌కి కూడా చెప్పు.

బెల్ట్ కొలత తీసుకునేటప్పుడు ప్యాంటు సైజు చూసి ఆర్డర్ చెయ్యకు. ఆడేటప్పుడు వేసుకునే బట్టల మీద, తుంటి ఎముకల పైనుంచి టేపుతో కొలిచి, ఆ కంపెనీ చార్టుతో సరిచూసుకో. సందేహం ఉంటే కొలతలు రాసి పంపు, కలిసి చూద్దాం.